నీలం తిరిగిన సీసా

"చెరువు పాడైతున్నది మీ పొలం కాలువతోటే," అంది పద్మలత, సీసా మహిపాల్ ముఖం ముందు ఊపుతూ. "చూడుండ్రి, ఎంత నీలం తిరిగిందో! నీలం ముదిరితే ఫాస్పరస్ ఎక్కువున్నట్టు."

"మా నాయిన ఈ యేడు డీఏపీ ఎరువు సంచే ముట్టలే మేడం."

"నీళ్లు అబద్ధం చెప్పవు."

"మా నాయిన చెప్తడా?"

నెక్కొండ దగ్గరి ఈ చెరువు ఎందుకు పచ్చబడుతోందో కనిపెట్టడానికి పద్మలత ప్రతి ఆదివారం హనుమకొండ నుంచి వచ్చి, చెరువులో కలిసే మూడు కాలువల నీళ్లనూ పరీక్షిస్తోంది. దారి చూపేదీ, సంచి మోసేదీ మహిపాలే. మధ్యాహ్నం ఊరివాళ్ల ముందు ఫలితం చెప్పాలి. చేపలు చచ్చాయని మండిపడుతున్నవాళ్ల మధ్య మహిపాల్ తండ్రి రాజమౌళి పేరు చెబితే, ఆ పెద్దాయన మళ్లీ తలెత్తుకు తిరగలేడు.

చినుకులు మొదలయ్యాయి. మహిపాల్ అలిగి కూడా గొడుగు ఆమెవైపే వంచాడు.

ఆ గొడుగే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. అదే కాలువకని పెట్టుకున్న రెండో సీసాలో ల్యాబు నుంచి తెచ్చిన, ఫాస్పరస్ అసలే లేని శుద్ధజలం పోసి, రంగు తేల్చే మందు చుక్కలు వేసింది. పది నిమిషాల్లో అదీ నీలం తిరిగింది!

"ఈ సీసాలు ఎవరన్నా ముట్టిండ్రా?"

మహిపాల్ తల దించుకున్నాడు. "పోయిన వారం నేనే కడిగిన. మా పొలం మట్టి అంటుకొని ఉండె. మీ ముంగట జర సిగ్గనిపించి... సబ్బుపొడితోని, రెండుసార్లు."

"సబ్బుపొడిల ఫాస్పరస్ ఉంటది మహాప్రభో! మీ నాయిన మీద కేసు మీరే పెట్టిండ్రు."

ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు. కొత్త సీసాతో మళ్లీ కాలువలోకి దిగారు. ఈసారి రంగు తేలీతేలనట్టు వచ్చింది. మూడు కాలువల్లో ఇప్పుడు అన్నిటికన్నా ముదురు నీలం కొత్త కాలనీ మురుగుకాలువది.

మధ్యాహ్నం పద్మలత ఆ మాటే చెప్పింది. పొద్దున తాను తొందరపడి రాజమౌళిని అనుమానించిన సంగతీ దాచలేదు. కాలనీ మురుగు చెరువులో కలవకుండా మళ్లించాలని ఊరంతా అక్కడికక్కడే అర్జీ రాసుకుంది.

బస్సు ఎక్కబోతుంటే రాజమౌళి వచ్చాడు. "బిడ్డా, వచ్చే ఆదివారం నీళ్లకేనా? మా ఇంట్ల బువ్వకు గూడ రా."

ఆమె మహిపాల్ వైపు ఓరగా చూసింది. "వస్త మామా. గిన్నెలు మాత్రం మీ కొడుకునే కడగమనుండ్రి. సబ్బుపొడితోని, రెండుసార్లు."

మామా అన్న పిలుపు దగ్గరే ఆగిపోయిన మహిపాల్ ఆమె సంచి ఇవ్వడం మరిచాడు; బస్సు కదిలాక గుర్తొచ్చి దాని వెంట పరుగెత్తాడు.