కోసిన రెండు చుట్లు

ధర్మేంద్ర కారు షెడ్డు ముందు ఆగకముందే ఝాన్సీకి ఒళ్లు మండిపోయింది. నెల్లిమర్ల రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ దాటుతూ ఆ కారు అడుగు గీరుకున్న చప్పుడు షెడ్డులోకి వినబడింది మరి.

తండ్రి గణపతిరావు మెకానిక్ షెడ్డును మూడేళ్లుగా నడుపుతున్నది ఝాన్సీయే. ధర్మేంద్ర మేనత్త కొడుకు, భోగాపురం వైపు ట్యాక్సీ తిప్పుతాడు. ఆదివారం వాళ్లమ్మ తాంబూలం పట్టుకుని వస్తానంది. నెల రోజులుగా ఝాన్సీ ఆ మాట తలుచుకుని తనలో తనే నవ్వుకుంటోంది. ఇప్పుడు మాత్రం చేతిలో పానా ఉంది, ముఖంలో నవ్వు లేదు.

చక్రం పక్కన వంగి, టార్చి వేసి చూసింది.

“స్ప్రింగులు కోయించావా బావా?”

“రెండు సుట్లేనే. బండి కాస్త కిందికి దిగుతాదని.”

“పోయిన నెల నన్నడిగితే ఏటి సెప్పేను?”

“కొయ్యనన్నావు.”

“ఎందుకన్నాను?”

ధర్మేంద్ర బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. “గుంటలో సక్రం కిందికి దిగితే పొట్టి స్ప్రింగు దాని సోటునుంచి జారిపోతాది. బండి తిరగబడతాది.”

“తెలిసే కోయించావు. ఐతే ఆదివారం అత్తని రావద్దను. సోకు కోసం పేనం తీసుకునేవాడితో నాకు పెళ్లొద్దు.”

“సోకు కాదే.”

“మరేటి?”

“సెప్పలేను. ఒట్టేసాను.”

ఆ మాటతో ఝాన్సీ అగ్గిమీద గుగ్గిలమైంది. తాళాలు లాక్కుంది. పానా విసిరిన చప్పుడుకు వెనక ఇంట్లోంచి మామ్మ తవిటమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. కారెక్కితే వాంతులంటూ ఏడాదిగా గుమ్మం దాటని మనిషి. ఇవాళ మంచి చీర కట్టి, చేత్తో సంచి పట్టుకుంది.

“ఎక్కడికే మామ్మా?”

“పాతపట్నం. సెల్లిని సూసొస్తాను.”

“కారు పడదన్నావు గదా.”

తవిటమ్మ మోకాలు నిమురుకుంది. “పడకేటి. కాలు లేవదే. నలుగురు నన్నెత్తి కూకోబెడితే సిగ్గు. ఈడు కనిపెట్టీసాడు. ఎవలికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను.”

పక్క వీధిలో బండి కిర్రుమంటే ఏ బోల్టు వదులో చెప్పగలదు ఝాన్సీ. ఒకే ఇంట్లో ఉండి మామ్మ మోకాలు మాత్రం కనబడలేదు. తన మీద తనకు వచ్చిన కోపాన్ని కూడా ధర్మేంద్ర మీదే చూపించింది.

“బుర్ర నేదా నీకు? మామ్మ ఎక్కడానికి బండిని దించుతావా? దారిలో ఇద్దరూ పోతే? ఒక పీటేస్తే సరిపోయేది గదా.”

ధర్మేంద్ర నోరు తెరిచాడు. “పీట తోచలేదే.”

“తోచదు. నీకేటన్నా ఐతే నానేటైపోవాలో కూడా తోచదు.”

ఆ మాట ఆమె ఇన్నాళ్లూ పైకి అనలేదు. అనేసినందుకూ కోపమే వచ్చింది.

విజయనగరం నుంచి కొత్త స్ప్రింగులు తెప్పించి, మధ్యాహ్నానికి బిగించింది. లైటు పట్టుకున్నంతసేపూ ధర్మేంద్ర తిట్లు తింటూనే ఉన్నాడు. చివరికి ఝాన్సీ తను పనికి కూర్చునే పీటను కారు తలుపు దగ్గర వేసింది. తవిటమ్మ మనవడి భుజం మీద చెయ్యి వేసి, పీటెక్కి, తనంతట తనే సీట్లో కూర్చుంది.

ఝాన్సీ పీట తీసి డిక్కీలో పెట్టింది. “అత్తని రావద్దని సెప్పీసావా?”

“ఇంకా నేదు.”

“సెప్తే సంపీస్తాను.”

“పీట ఇచ్చీసావు, నువ్వు దేనిమీద కూకుంటావే?”

“ముందు సీట్లో. తలుపు తియ్యి, నానూ వస్తన్నాను.”