బుచ్చమ్మ వడ్డన

పొద్దున్నే పాలు పిండడం అయ్యాక బుచ్చమ్మ సూడి బర్రెకు దాణా కలిపింది. మొఘల్‌పురాలో ఆ ఇంటి పాలకు అంత పేరుందంటే, అందులో సగం ఆమె చేతి చలవే. ఈనడానికి ఇంకా నెలన్నర ఉంది. అందుకని పత్తిచెక్క ఇంకో దోసెడు ఎక్కువే వేసింది. కడుపులో దూడకు ఎముక పట్టేది ఇప్పుడేనని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

చేతులు కడుక్కుని వచ్చి కోడలికి కంచం పెట్టింది. వర్షితకు ఎనిమిదో నెల. పిడికెడు అన్నం, పలచటి చారు, మామిడికాయ తొక్కు. పప్పు గిన్నె పక్కకు జరిపింది. గుడ్డు కొడుక్కి. పాలమ్ముకునే ఇంట్లో ఆ పిల్లకు గ్లాసెడు పాలు లేవు. పిసినారితనం కాదు, భయం. కడుపుతో ఉన్నది బాగా తింటే బిడ్డ లావెక్కుతుంది, కాన్పు కష్టమవుతుంది, తల్లి దక్కదు. నలభై ఏళ్ల కింద ఆమె చెల్లెలు రెండు రోజులు అరిచి అరిచి అలాగే పోయింది. కోడలి కడుపు ఎత్తు చూసినప్పుడల్లా బుచ్చమ్మకు ఆ అరుపులే వినిపించేవి. ఒక ముద్ద తగ్గించేది.

ఆకలవుతోందని వర్షిత మొగుడితో రెండుసార్లు అంది. అమ్మకు తెలియనిదా అని నందు పాల క్యాన్లు బండికి కట్టుకుని వెళ్లిపోయాడు. పాపం, ఆమె మూడోసారి అనలేదు.

ఆ రోజు స్కానింగుకు కోడలిని తీసుకుని బుచ్చమ్మే వెళ్లింది. వీధి చివరి క్లినిక్‌లో డాక్టర్ హఫ్సా ఈ ఇంటి పాలు తాగి పెరిగిన పిల్ల. స్కాన్‌లో బిడ్డ కొలతలు మళ్లీ ఒకసారి తీసింది. తర్వాత కోడలు నిన్న ఏమేం తిన్నదో చెప్పమని అత్తనే అడిగి, కాగితం మీద రాసుకుంది.

"అంతా అన్నమే పెద్దమ్మా, అది కూడ చాలినంత లేదు. ఈ నెలల రోజుకు డెబ్బై గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలె. ఈమెకు ఇరవై కూడ అందుతలేవు. కొవ్వు మొత్తానికే లేదు. బిడ్డ కేజీన్నర కూడ లేదు."

కంచం బొమ్మ గీసి ఇచ్చింది. సగం కూరలు, పావు వంతు అన్నమో రొట్టెనో, పావు వంతు పప్పో గుడ్డో మాంసమో, పైన చెంచాడు నెయ్యి, పక్కన పాలో పెరుగో. తిండి ఒక్కటే కారణమో కాదో ఇప్పుడే చెప్పలేనంది. రెండు వారాల్లో మళ్లీ చూస్తాననీ, అప్పటికీ పెరగకపోతే నెలలు నిండకముందే తీయాల్సి రావచ్చనీ, ఆ పైన తాను మాటివ్వలేననీ చెప్పింది.

ఇంటికొచ్చాక ఆ కాగితం చదివి నందు ముఖం పాలిపోయింది. ఇదంతా ఏమిటని తల్లిని నిలదీశాడు. తాను చేసింది కోడలి మంచికేనని బుచ్చమ్మ గట్టిగానే అంది. అప్పుడు గుమ్మానికి ఆనుకుని ఉన్న వర్షిత నోరు విప్పింది.

"సూడి బర్రెకు పెంచిన్రు అత్తమ్మా. నాకెందుకు తగ్గించిన్రు?"

"బర్రె పోతే ఇంకోటి వస్తది బిడ్డా. నువ్వు పోతే నేనేం గావాలె? మా చెల్లె తిని తిని బిడ్డను లావు చేసుకున్నదన్నరు. అందరు గదే అన్నరు."

మంచం మీద కూర్చున్న ఆమె మొగుడు రామ్‌చందర్ తలెత్తాడు. బుచ్చమ్మ అతని మేనమామ కూతురు. ఆ చెల్లెలిని అతను చిన్నప్పటి నుంచీ ఎరుగును.

"బుచ్చీ, మీ చెల్లె ఏం తిన్నదే? పదేండ్లొచ్చినా ఆరేండ్ల పిల్ల లెక్క ఉండె. దూడప్పుడు కడుపు మాడిన పెయ్య సూడికొస్తే ఏమైతది? నడుమెముక ఎదగదు, ఈనలేక చస్తది. నీకు తెల్వదా?"

ఎందుకు తెలియదు? అలాంటి పెయ్యల పక్కన ఆమె తెల్లవార్లూ కూర్చుంది. కానీ ఆ రెండు సంగతులనూ ఏనాడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. చిన్నప్పుడు తల్లి పాలకుండ ఎత్తుకుని అమ్మడానికి ఉస్మాన్‌గంజ్ వెళ్తే ఇంట్లో వడ్డన పెద్దపిల్ల బుచ్చమ్మదే. ముక్కలు తమ్ముళ్లకు. గడ్డపెరుగు తమ్ముళ్లకు. ఆడపిల్లకెందుకని చెల్లెలి కంచంలో అన్నం, గంజి. ఇంకొంచెం వేయమని ఆ పిల్ల కంచం ముందుకు జరిపేది. బుచ్చమ్మ కసిరేది.

ఆమె ఉన్నచోటనే కూలబడింది.

"తిని పోలే నా చెల్లె. ఆకలికి పోయింది. దానికి వడ్డించింది నేనే."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వర్షిత బరువుగా వంగి అత్త పక్కన కూర్చుంది. ఆమెకు కోపం పోలేదు, కానీ ఆ ముసలామె నేల మీద అలా ఏడుస్తుంటే చూడలేకపోయింది.

"లేవున్రి అత్తమ్మా. నాకు ఆకలైతుంది."

బుచ్చమ్మ లేచింది. గుడ్లు ఉడకబెట్టింది, ముద్దపప్పులో నెయ్యి వేసింది, పాలు కాచింది. ముద్ద చేసి తినిపిస్తుంటే వర్షిత నాలుగో ముద్దకే ఆయాసపడింది. ఇన్నాళ్లు ఎండిన కడుపు ఒక్కసారిగా పట్టదు. కాసేపాగి బుచ్చమ్మ ఇంకో ముద్ద కలిపింది, ఆ పిల్ల నోరు తెరిచేదాకా చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుంది. బిడ్డ పెరగడానికి డాక్టర్ ఇచ్చిన గడువు రెండు వారాలు. ఇది మొదటి పూట.