పనిచేసేవారు ఎందరు?

"ఈ ఇంట్లో పనిచేసేవారు ఎంతమందండి?" అని అడిగాడు అక్రమ్, వానకు తడిసిన ఫారాన్ని చొక్కాకు తుడుచుకుంటూ.

అది 2005. ఆర్థిక గణన కోసం ఏలూరులో ఇల్లిల్లూ తిరుగుతున్నాడు.

"నేనొక్కణ్ణే," అన్నాడు తివాచీలు నేసే అబ్దుల్ మజీద్. అక్రమ్ ఫారంలో ఒకటి అని వేసుకుని బయటపడ్డాడు.

సందు మలుపులో వెనక నుంచి పిలుపు.

"ఏవండీ, ఆ ఒకటి కొట్టెయ్యండి."

గొడుగు కింద మజీద్ కూతురు ఖుష్బూ. వేళ్లకు ఎర్ర ఉన్ని నూగు.

"మీ నాన్నగారే చెప్పారండి."

"అబ్బాకి రెండేళ్లుగా చూపు ఆనట్లేదు. నేసేది నేను. చెప్పుకోడానికి ఆయనకి చిన్నతనం."

"మీరు జీతం తీసుకోరు కదండీ?"

"జీతం లేకపోతే తివాచీ దానంతటదే నేసుకుంటుందా?"

అక్రమ్ ఇంటికెళ్లి సూచనల పుస్తకం తిరగేశాడు. మర్నాడు మజీద్ ముందు కూర్చున్నాడు.

"తప్పు నాదేనండి. జీతం లేకుండా మగ్గం దగ్గర సాయం చేసే ఇంటివాళ్లనీ రాయాలి. దేశాలన్నీ ఒప్పుకున్న పద్ధతండి ఇది, ఐక్యరాజ్యసమితిది."

మజీద్ మగ్గం వైపు తల తిప్పాడు.

"అయితే ఇద్దరని రాయండి," అన్నాడు. మళ్లీ నెమ్మదిగా, "నిజానికి ఆ ఒక్కరూ మా అమ్మాయేనండి."

ఖుష్బూ కళ్లు దించుకుని టీ గ్లాసు అందించింది. "మరి ఈ టీ పెట్టడం లెక్కలోకొస్తుందా?"

"రాదండి. ఇంట్లోవాళ్లకి చేసే వంటా చాకిరీ ఆ లెక్కలో కలపరు."

"ఎవరు పెట్టారండీ ఆ రూలు?"

"టీ పెట్టడం రానివాళ్లయి ఉంటారు."

ఆమె నవ్వింది. ఆ తర్వాత అక్రమ్‌కు ఆ ఇంటి ఫారం మీద రోజుకో సందేహం వచ్చింది.

మూడో వారం మజీద్ అడిగేశాడు. "ఇంకా ఏం మిగిలిందయ్యా అందులో?"

"ఫారం పోయిన వారమే ఆఫీసులో ఇచ్చేశానండి." అక్రమ్ టీ గ్లాసు కింద పెట్టాడు. "మా అమ్మ కమరున్నీసా మీతో మాట్లాడ్డానికి వస్తానంటోంది. మీ అమ్మాయి సరేనంటేనే."

మగ్గం వెనక నుంచి ఖుష్బూ అంది: "పెళ్లయినా నేత మాననండి."

"మానొద్దండి."

"అబ్బాని రోజూ చూసుకోవాలి."

"మాది తంగెళ్లమూడేనండి. సైకిల్ మీద పావుగంట."

మజీద్ గడ్డం నిమురుకున్నాడు. "శుక్రవారం నమాజయ్యాక అమ్మగారిని తీసుకురండి."

మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"ఏం తల్లీ, ఆపేశావు?"

"పోగు చిక్కుపడింది అబ్బా," అంది ఖుష్బూ, నవ్వు బయటికి రాకుండా పెదవి కొరుక్కుంటూ.