అటకెక్కిన రాట్నం

పొందూరు పక్కపల్లెలో ఎల్లాజీ ఇంట తెల్లవారిందంటే అతని తల్లి దాలమ్మ రాట్నం తిరగాల్సిందే. కొడుకు పొలానికి పోయేసరికి ఆవిడ వసారాలో కూర్చుని, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతూ ఉండేది. ఆ ఎముక పళ్లు పత్తిలోని చెత్తనంతా ఏరిపారేస్తాయి. ఏటవాలు ఎండలో దూది పింజలు తేలుతుంటే వసారా కలలో చూసినట్టుండేది. చేప వాసన మరిగిన సుక్కి పక్కనే దూదిబుట్టలో ముడుచుకుని నిద్రపోయేది. కోడలు తాయారు పాతపట్నం నుంచి కాపురానికొస్తూ చంకనెత్తుకొచ్చిన పిల్లి అది. దాని పుణ్యమా అని ధాన్యం గాదెలో ఒక్క ఎలుక లేదు.

ఆ వెలుగులోనే ఏడేళ్ల మనవరాలు చిన్నతల్లికి ఆయాసం మొదలైంది. తుమ్మితుమ్మి కళ్లు ఎర్రబడేవి, రొమ్ము పిల్లిలా కూసేది.

"అత్తా, ఇంకాపెయ్! పిల్ల గుండెల్లోకి దూది పోతన్నాది. మనవరాలు కావాలో, రాట్నం కావాలో సెప్పు," అంది తాయారు.

"నీ మొగుడు ఈ దూదిలోనే పాకినాడు. ఆడికేటీ కాలేదే?"

"ఆడికి కాలేదని నా పిల్ల సావాలా?"

ఆ మాటకి రాట్నం ఆగింది. మనవరాలి ఓణీకని సన్ననూలు వడుకుతోంది ముసలమ్మ. అది సగమైనా కాలేదు. నిచ్చెన వేసుకుని తనే రాట్నాన్నీ బుట్టనీ అటకెక్కించింది. తాయారు చెయ్యి సాయం కూడా పట్టలేదు. ఈ కథ చెబుతున్న నాకు ఆ కోడలి మీద ఇప్పటికీ కోపమే.

దాలమ్మ గోడకానుకుని కూర్చునేది. వేళ్లు మాత్రం ఒళ్లో లేని దారాన్ని లాగుతూనే ఉండేవి. బుట్ట పోయిన సుక్కి చిన్నతల్లి బొంతలో చేరింది. నెల తిరిగేసరికి ఆయాసం తగ్గకపోగా రెట్టింపైంది.

శ్రీకాకుళంలో డాక్టరుగారు రొమ్ముకి గొట్టం ఆనించి విన్నారు. "పిల్ల ఎవరి పక్కన పడుకుంటుందమ్మా?"

చిన్నతల్లే చెప్పింది. "సుక్కి పక్కన. మా పిల్లి. నా మెడకాడే తొంగుంటాది."

"ఈ పిల్లకి పిల్లి పడటం లేదమ్మా."

"పుట్టినకాడి నుంచీ దాంతోనే పెరిగినాది గదా బాబూ!" అంది తాయారు.

"కొందరికి అలవాటైపోతుంది. కొందరి ఒళ్లు మాత్రం రోజురోజుకీ పగబడుతుంది. దాన్ని దూరంగా పంపి, బొంతలు ఉడకబెట్టండి. తగ్గడానికి నెలలు పట్టొచ్చు."

"మరి దూది?"

"దూది ఆగి నెలైందన్నావు. తగ్గిందా?"

ఇంటికి రాగానే తాయారు అత్త కాళ్ల దగ్గర కూలబడింది. "నేను తెచ్చిన పిల్లే అత్తా. నిన్ను అనరాని మాటలన్నాను."

దాలమ్మ కోడలి తల నిమిరింది. "ఊరుకోవే. పుట్టింటి నుంచి నీకు తోడొచ్చింది అదొక్కతే. రాట్నం అటకెక్కితే నాకెలగున్నాదో, అదెల్తే నీకలగే ఉంటాది. నౌపడలో మా తమ్ముడు గంగులు కాడ ఉంచుదుము. సూడాలనిపిస్తే రైలెక్కి ఎల్దువుగాని."

సుక్కి వెళ్లిన రోజు తల్లీ కూతుళ్లిద్దరూ ఏడ్చారు. తాయారు బొంతలు ఉడకబెట్టింది, ఇల్లంతా కడిగింది, కొత్త బుట్ట తెచ్చింది. రాట్నాన్ని తనే దించింది.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం చిన్నతల్లి వసారాలోనే నిద్రపోతోంది. ఎండలో దూది తేలుతోంది. తాయారు చేతకాని చేతుల్తో పత్తి దువ్వుతోంది.

"అలగ కాదే, పత్తికి నొప్పెడతాది," అంటూనే దాలమ్మ ఉన్నట్టుండి రాట్నం ఆపింది. ఇద్దరూ చెవి ఒగ్గి విన్నారు. ఏ కూతా లేదు. పిల్ల రొమ్ము మెల్లగా లేచి పడుతోంది.

తాయారు కళ్లు తుడుచుకుంది.

"తిప్పు అత్తా. ఓణీకి నూలు సాలదు."