కణ్మాయి గట్టు మీద స్నైపర్

“సౌందరరాజన్, టార్గెట్ మీ మరదలు సత్య.”

ఫోన్‌లో చీఫ్. రాజపాళయం బస్టాండు టీకొట్టు ముందు నిలబడి విన్నాడు ఏజెంట్ సౌందరరాజన్. ఇంకొకడైతే గ్లాసు జారవిడిచి ఉండేవాడు. ఇతను టీ మీద మీగడ తీసి పారేసి “సరే సార్” అన్నాడు. అంతే! భార్య కళైసెల్వి పోయినప్పటి నుంచీ మనిషి ఇట్లే ఉన్నాడు. ఏడవలేదు, ఎవరినీ కసరలేదు. ఆకలైతే తింటాడు, కాకపోయినా తింటాడు.

చీఫ్ బ్రీఫింగ్ ఇచ్చినాడు. “సత్య నేవీ రాడార్ సైంటిస్ట్. దీపావళి లీవులో చోళపురం అవతల కణ్మాయికి, అదే ఆ పెద్ద చెరువుకు, పక్షులు చూడను వస్తా ఉంది. ఫారిన్ గ్యాంగ్ ఒకటి స్నైపర్‌ను పంపింది. తుపాకీ మోత ఎవరికీ వినపడకుండా ఏదో కవర్ ఏర్పాటు చేసినారు. అదేమిటో తెలీదు. ఆమె రాకపోతే వాడు మళ్లీ దొరకడు. విషయం చెప్పినాం, అయినా వస్తానంది.”

“నాకు తోడు?”

“ఏజెంట్ అభినయ. మీ పక్క పిల్లే, ఆ కణ్మాయి దగ్గర తళవాయిపురం. కోడ్ వర్డ్, ‘నత్తగుల్ల కొంగ వచ్చిందా?’ జవాబు, ‘గుడ్లు పెట్టింది.’”

ఇట్లాంటి కోడ్ వర్డ్‌లు కనిపెట్టేవాళ్లకే ప్రమోషన్‌లు వస్తాయి. మన ఖర్మ!

దీపావళి పొద్దున సౌందరరాజన్ ఫారెస్ట్ వాచర్ వేషంలో గట్టు ఎక్కినాడు. ఖాకీ చొక్కా, అతికించిన మీసం, మెడలో థర్మల్ కెమెరా దాచిన బైనాక్యులర్స్. ఒళ్లు వేడి ఉన్న మనిషి ఎక్కడ నక్కినా అందులో ఎర్రగా కనపడతాడు. అయితే నీళ్లలో ఉన్న తుమ్మచెట్ల నిండా కొంగలే. వేల కొంగలు గుడ్ల మీద కూర్చుని ఉంటే ఏ చెట్టు చూసినా ఎర్రగానే ఉంది. గవర్నమెంటు మిషన్ కదా, అంతకంటే ఏం చేస్తుంది!

సత్య టెలిస్కోపులో నుంచి తల ఎత్తింది. “బావా, ఆ మీసం మీకు అస్సలు బాగలేదు.”

“తెలుసు.”

“అక్క పోయినాక మీరు ఒక్క ఫోను కూడా చెయ్యలేదు. నాకు మాత్రం ఇంకెవరు ఉన్నారు?”

సౌందరరాజన్ బైనాక్యులర్స్ అవతలి గట్టుకు తిప్పినాడు. “పక్కకు జరుగు, అటువైపు తాటితోపు ఉంది” అన్నాడు.

అప్పుడు వచ్చింది అభినయ. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫు, చేయంత పొడుగు లెన్సు కెమెరా. సెంటు వాసన మనిషి కంటే ముందే వచ్చింది.

“నత్తగుల్ల కొంగ వచ్చిందా?”

“గుడ్లు పెట్టింది.”

అభినయ వాచీ చూసుకుంది, ఊరివైపు చూసింది. “ఏం సార్, ఇంకా ఒక్క పటాసూ పేల్లేదు? శివకాశి పక్కనే పెట్టుకుని! ఈపాటికి ఊరు దడదడలాడాలి కదా?”

సౌందరరాజన్ బైనాక్యులర్స్ దించినాడు.

ఈ ఊళ్లో దీపావళికి పటాసు కాల్చరు. తాతల కాలం నుంచీ కాల్చరు. కొంగలు గుడ్ల మీద ఉన్నప్పుడు పిల్లకాయ తుపాకీ బిళ్ల పేల్చినా అవ్వల చేత వీపు విమానం మోత మోగుతుంది. కొత్త బట్టలు, అధిరసం అరిసెలు, అంతటితో సరి. తళవాయిపురం బస్సెక్కిన ప్రతివాడికీ ఇది తెలుసు. అక్కడ పుట్టిన పిల్ల ఈ ప్రశ్న అడగదు, చంపినా అడగదు.

ఈమె అక్కడి పిల్ల కాదు, శాఖకు చెప్పిందంతా అబద్ధం. పైగా పటాసు మోత కోసం ఎదురుచూస్తా ఉంది. ఆ మోతే స్నైపర్‌కు కవర్!

“నిజం చెప్పు, నీది ఏ ఊరు?”

అభినయ నవ్వి, కెమెరా మీద బటన్ నొక్కింది. ఊరు పటాసు కాల్చకపోతే మేమే కాల్చుకుంటాం అన్నట్టు, గట్టు కింద దాగినవాడు పదివేల టపాకాయల సరం అంటించినాడు.

దడదడదడదడ!

సౌందరరాజన్ సత్య మీదికి దూకినాడు. అదే క్షణంలో కణ్మాయి మొత్తం పైకి లేచింది. వేల కొంగలు ఒక్కసారిగా ఎగిరి, తాటితోపుకూ గట్టుకూ మధ్య రెక్కలే రెక్కలు. స్నైపర్‌కు ఆకాశమూ కనపడలేదు, సత్యా కనపడలేదు. గురి తప్పిన తూటా టెలిస్కోపును ఎగరగొట్టింది.

ఆ తర్వాత గూఢచారి శాఖకు పని లేకపోయింది. పటాసు మోత వినగానే ఊళ్లోని ఆడవాళ్లంతా చీపుర్లతో దిగినారు, ముందు ఆరోక్కియమేరి అవ్వ. సరం అంటించినవాణ్ణి పట్టుకున్నారు. తుపాకీతో పరిగెత్తే స్నైపర్ “నేను కాల్చలేదు” అని ఇంగ్లీషులో మొత్తుకున్నా వినలేదు. కారెక్కి పారిపోబోయిన అభినయను జుట్టు పట్టి దించినారు.

“బావా, లేవండి. ఊపిరాడలేదు” అంది సత్య.

సౌందరరాజన్ లేవలేకపోయినాడు. “నువ్వూ పోయి ఉంటే...” అన్నాడు. ఏడుపు వచ్చింది. మీ అక్క మీ అక్క అంటూ చిన్నపిల్లవాడిలా ఏడ్చినాడు. సత్య అతని తల మీద చెయ్యి వేసి అట్లే పడుకుంది. పైన కొంగలు ఒక్కొక్కటిగా గూళ్లకు దిగుతా ఉన్నాయి.

చీఫ్ పోలీసులతో వచ్చేసరికి ముగ్గుర్నీ ఒకే తాడుకు కట్టేసి ఉన్నారు. ఇది ఇంటర్నేషనల్ కేసని, ముగ్గుర్నీ ఢిల్లీకి తీసుకుపోవాలని చీఫ్ చెప్పినాడు.

ఆరోక్కియమేరి అవ్వ చీపురు చంకలో పెట్టుకుంది. “తుపాకీవాణ్ణీ, ఆ యమ్మనీ తీసుకుపోండి సార్, మాకేం అభ్యంతరం లేదు. పటాసు కాల్చినవాణ్ణి మాత్రం ఇడిచిపెట్టి పోండి.”