బ్రేకుల్లో గాలి

"కుదరదండీ. బండి ఇవ్వను."

మెకానిక్ అంత తాపీగా అనేసరికి వ్యానక్కకు ఒళ్ళు మండింది. వ్యానక్క అన్నది స్కూలు పిల్లలు పెట్టిన పేరు. పొద్దున్నే వాళ్ళను ఇంటింటి దగ్గరా ఎక్కించుకుని స్కూల్లో దించుతుంది, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకు చేరుస్తుంది. ఆ పాత మినీవ్యాన్ ఆమె సొంతం. ఇల్లు గడిచేది దానిమీదే.

"బ్రేకు పడుతోందిగా! వెలిగేది డాష్‌బోర్డులో ఆ పసుపు లైటొక్కటేగా!"

"పడుతోంది. కానీ ఏబీఎస్ మాడ్యూల్ పోయింది. వానలో గట్టిగా తొక్కారనుకోండి, చక్రాలు బిగుసుకుపోయి బండి జారిపోతుంది. మీరెంత బాగా నడిపినా సరే. వెనక పిల్లలుంటారు."

"మొన్నేమో సెన్సర్ అన్నారు, మార్చారు. లైటు పోలేదు. ఇవాళ మాడ్యూల్. రేపేంటి, నా ప్రాణమా?"

"సెన్సర్ అనుకోవడం నా పొరపాటేనండీ."

తప్పు ఒప్పుకున్న మనిషితో ఎంతసేపని అరుస్తాం? ఆమెకు పోట్లాడే ఓపిక కూడా పోయింది.

కొత్త మాడ్యూల్ వేరే ఊరినుంచి రావాలి. అప్పటిదాకా అరువు తెచ్చిన చిన్న కారులో పిల్లల్ని విడతలు విడతలుగా చేరవేస్తూ ఆమె సగం చిక్కిపోయింది. సోమవారానికి వ్యాన్ రాకపోతే రూటు ఇంకొకరికి ఇచ్చేస్తామని స్కూలువాళ్ళు తేల్చి చెప్పారు. అమ్మకు ఇదే సందు దొరికింది. "ఇకనైనా ఆ స్టీరింగ్ వదిలెయ్యవే. వచ్చిన సంబంధాలన్నీ దానివల్లే కదా తప్పిపోయాయి!"

అదీ నిజమే. చూడవచ్చిన ప్రతివాడూ టీ తాగి, "పెళ్ళయ్యాక వ్యాన్ మానేస్తుందిగా?" అని అడిగినవాడే.

ఆదివారం సాయంత్రం వానలో తడుస్తూ ఆమె షెడ్డుకు వెళ్ళేసరికి మాడ్యూల్ బిగించడం అయిపోయింది.

"బ్రేకుల్లో, ఆయిల్లోకి చేరిన గాలి తియ్యాలండీ. ఇద్దరుంటేగానీ అవదు. రోజూ నాకు సాయముండే మా నాన్న నడుం పట్టేసి ఇంటికెళ్ళాడు. కాస్త మీరు పెడల్ తొక్కుతారా?"

ఆమె సీట్లో కూలబడింది. అతను పానా పట్టుకుని వెనక చక్రం దగ్గర బండి కిందికి దూరాడు.

"తొక్కండి."

"తొక్కా."

"అలాగే ఉంచండి. నేను నట్టు బిగించేదాకా కాలు తియ్యొద్దు. తీస్తే గాలి మళ్ళీ దూరుతుంది... ఆఁ, ఇప్పుడు తియ్యండి."

తొక్కడం, ఉంచడం, తియ్యడం. ఒక చక్రం అయ్యాక ఇంకో చక్రం. అతని గొంతు కూడా నీరసంగానే వినిపిస్తోంది.

"ఏమైనా తిన్నారా?" అని అడిగింది.

"లేదండీ. మీరు?"

"గుర్తులేదు."

రేకుల మీద వాన దరువేస్తోంది. అతను ఆఖరి చక్రం దగ్గరికి జరిగాడు.

"తొక్కండి."

"తొక్కా."

"ఉంచండి. ఒక మాట. మీ మొహం చూస్తూ అడగలేను, అందుకని ఇక్కణ్ణుంచే అడుగుతున్నా. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

వ్యానక్క కాలు చటుక్కున పైకి లేచిపోయింది.

"అయ్యో, తీసేశారా! గాలి దూరిందండీ!"

"దూరదూ మరి? నట్టు విప్పి అడిగే మాటేనా అది!"

"కాలు పెడల్ మీదుంటే లేచి వెళ్ళిపోరని..."

ఆమెకు నవ్వొచ్చింది. అతను చక్రం చాటునుంచి బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. చెంపమీద నల్లటి మరక, నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు. ఈ మనిషంటే తనకు ఇష్టమని ఆమెకు అప్పుడు తెలిసింది. దాంతోపాటే భయమూ వేసింది. ఇతనూ అదే అడుగుతాడేమో! అడగకముందే తనే అడిగేసింది.

"పెళ్ళయ్యాక వ్యాన్ మానెయ్యాలా?"

అతను అర్థంకానట్టు చూశాడు. "మానెయ్యడమేంటండీ? రేప్పొద్దున రూటుందిగా!"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలసటవల్ల అనుకుంటాడులే అని మొహం తిప్పుకుంది.

"నాలుగూ మళ్ళీ చెయ్యాలా?"

"అబ్బే, ఈ ఒక్కటే."

అతను మళ్ళీ దూరాడు.

"తొక్కండి."

"తొక్కా. వచ్చే ఆదివారం మీ నాన్నగారిని మా ఇంటికి రమ్మనండి."

కింద పానా ఠంగుమని జారిపడింది. ఆమె ఈసారి కాలు కదపలేదు.

"మధ్యాహ్నం దాటాకే రమ్మనండి. ముందొస్తే అమ్మతో మాట్లాడుతూ కూర్చోమనండి. నేను మాత్రం అప్పటిదాకా నిద్ర లేవను."