ఏడో పెట్టె

పొద్దున్నే ఫోను మోగినప్పుడు వడ్రంగి తన పనిగదిలో ఒక తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాడు. పైగదిలో ఉండే అక్క ఫోను తీసింది. డెబ్భై దాటినా ఆవిడ గొంతు ఖంగుమంటుంది. వినడానికి ఎవరూ చెవులు రిక్కించనక్కర్లేదు.

"మ్యూజియం నుంచా? ఒక పెట్టెకి పురుగు పట్టిందా? మూత తీసి మందు కొట్టాలా? సరే, కొట్టండి... లోపలి గీతలు ఫొటో తీసుకుంటారా? నలభై ఏళ్ళు మూసే ఉంచాను, ఒక్కసారి తీస్తే కొంపలేం మునగవు. గురువారం వస్తాం, నేనూ తమ్ముడూ."

వడ్రంగి చేతిలో చిత్రిక ఆగిపోయింది. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినాల్సి వస్తుందని అతనికి తెలుసు.

అక్క చిత్రకారిణి. కానీ ఆవిడ బొమ్మల్లో బొమ్మ ఉండదు. రంగులూ ఉండవు, చెట్టూ పుట్టా ఉండవు. ఉన్నదాన్ని తగ్గిస్తూ పోతే చివరికి మిగిలేదే కళ అని, ఆలోచన ఒకరిదైతే చెయ్యి మరొకరిది కావచ్చని మొట్టమొదట ధైర్యంగా అన్న కొద్దిమందిలో ఆవిడ ఒకరు. అప్పట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు కాలేజీల్లో ఆవిడ గురించి పాఠాలు చెబుతున్నారు.

ఆ పాఠాలన్నీ ఏడు చెక్కపెట్టెల దగ్గర మొదలవుతాయి. నలభై ఏళ్ళ కిందట, దూరపు ఊళ్ళో ఉంటూ అక్క తమ్ముడికి ఒక కాగితం మీద రాసి పంపింది: నడుమెత్తు పెట్టెలు ఏడు, అన్నీ ఒకేలా ఉండాలి. ప్రతి పెట్టెకీ లోపలి వైపు స్కేలుతో వెయ్యి పెన్సిల్ గీతలు గీయాలి. ఆ తర్వాత మూత బిగించి మేకులు కొట్టెయ్యాలి. గీతల్ని ఎవరూ చూడరు. ఉన్నాయని నమ్మాలి, అంతే.

పెట్టెలు తయారవుతున్నప్పుడు పక్కింటాయన "ఇందులో ఏం పెడతారు?" అని అడిగాడు. వడ్రంగి భార్య తడుముకోకుండా "మా ఆడపడుచు తెలివితేటలు" అంది. ఆ మాటకి వాళ్ళు ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు.

ఆరు పెట్టెల్లో అతను వెయ్యికి వెయ్యి గీతలూ గీశాడు. మెడ పట్టేసింది, కళ్ళు మంటలెత్తాయి, అయినా గీశాడు. ఏడోదానిలో ఒక్క గీతైనా గీయకుండా మూత బిగించాడు. ఎవరు చూడొచ్చారనుకున్నాడు. ఆ తర్వాత ప్రతి సభలోనూ అక్క మైకు ముందు నిలబడి, "నేను ఏ పెట్టెనూ తెరిచి చూడలేదు. చూడాల్సిన అవసరమే లేదు" అంటుంటే, జనం చప్పట్లు కొడుతుంటే, అతను వెనక వరసలో తల వంచుకుని కూర్చునేవాడు. వాళ్ళతోపాటు తనూ చప్పట్లు కొట్టేవాడు. అదే అతన్ని ఎక్కువగా తినేసేది.

"మూత తీయనివ్వకు అక్కా." టీ తాగుతూ అన్నాడు.

"ఏం?"

"పాత చెక్క. చీలిపోతుంది."

"నువ్వు చేసిన చెక్క చీలడమేంట్రా? నువ్వే దగ్గరుండి తియ్యి."

"నేను రాను."

"పోనీ, వాళ్ళనే తీయమంటాను."

"వద్దంటే వద్దు!" అంటూ ఒంటికాలి మీద లేచాడు. కప్పులో టీ ఒలికి బల్లంతా పారింది. వంటింట్లోంచి భార్య తొంగిచూసింది. ఆ ఇంట్లో అతను అక్క మీద గొంతు లేపడం ఆమె ఎన్నడూ వినలేదు.

అక్క అతన్ని ఎగాదిగా చూసింది. "నీకేదో అయింది. మనసు కుదుటపడ్డాక చెప్పు" అని పైకి వెళ్ళిపోయింది.

రెండు రోజులు అతనికి అన్నం సయించలేదు. తెరిచేది ఒక్క పెట్టేగా, అని లెక్క వేసుకున్నాడు. ఏడింటిలో ఒక్కటే ఖాళీది. ఆ ఖాళీది ఏదో అతనికీ తెలియదు, అన్నీ ఒకేలా చేశాడు మరి. నోరు మూసుకుని కూర్చుంటే గండం గడిచిపోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకే తనమీద తనకు రోత పుట్టింది. ఒకవేళ తెరిచింది ఖాళీదే అయితే, కెమెరాల ముందు, అంతమంది ఎదుట, ఆవిడ ఆ బోసి చెక్క చూస్తూ నిలబడాలి. ఆవిడ జీవితమంతా చెప్పుకున్న మాట ఆ క్షణాన అబద్ధమైపోతుంది.

బుధవారం మధ్యాహ్నం అక్క అన్నానికి కిందికి దిగింది. అతను కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"అక్కా, ఒకదాంట్లో గీతల్లేవు."

"దేంట్లో?"

"పెట్టెల్లో. ఒకదాంట్లో నేను గీయలేదు. ఊరికే మూత కొట్టేశాను."

అక్క చెయ్యి కంచంలోనే ఆగింది. "ఏది?"

"తెలీదు. అన్నీ కలిసిపోయాయి."

"అంటే ఏడింట్లో దేన్నీ నమ్మడానికి లేదన్నమాట." ఆవిడ గొంతు ఎప్పటిలా ఖంగుమనలేదు. "నలభై ఏళ్ళు నా పక్కనే కూర్చున్నావు. నా చేత ఊరూరా అబద్ధం చెప్పించావు. మిగతావన్నీ తీసేసినా నమ్మకం మిగులుతుందని చూపించడానికేరా నేను ఆ పెట్టెలు చేయించింది! ఒక్కసారి, ఒక్కసారి చెప్పాలనిపించలేదా?"

"రోజూ అనిపించేది. నీ మొహం చూస్తే నోరు పెగిలేది కాదు." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను క్షమించమని అడిగే మొహం కూడా లేదు."

"వెయ్యి గీతలు! అంత బరువైపోయిందా నీకు?"

మంచినీళ్ళు తెచ్చిన భార్య గ్లాసు బల్ల మీద ఠపీమని పెట్టింది.

"అది ఏ వారమో అడగండి వదినా."

"నువ్వు ఊరుకో" అన్నాడతను.

"ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. గీతల సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది, కానీ ఆ వారం నాకు బాగా గుర్తుంది." ఆమె వదిన వైపు తిరిగింది. "మా పిల్లకి అప్పుడు ఎనిమిది నెలలు. ఒళ్ళు పేలిపోయే జ్వరం. ఆస్పత్రిలో పిల్లని ఒళ్ళో పెట్టుకుని నేను, బయట బెంచీ మీద ఈయన. పని ఆలస్యమవుతుంది, పిల్లకి బాగాలేదు అని మీకు ఉత్తరం రాశారు. మీరు కార్డు రాశారు. దాని మీద ఒక్కటే ముక్క. 'ఏడోది ఎప్పుడు?' అని."

అక్క ఆ కార్డు రాసిన సంగతి మరిచిపోలేదు. పైగా నలుగురిలో గొప్పగా చెప్పుకునేది కూడా, తన పొదుపైన మాటకు అది మంచి ఉదాహరణ అని. అది ఎలాంటి ఉత్తరానికి జవాబో మాత్రం ఆవిడ ఎన్నడూ తలుచుకోలేదు.

"ఆ కార్డు చూశాక ఈయన ఆస్పత్రి నుంచి తిన్నగా పనిగదికి వెళ్ళారు. గంటలో తిరిగొచ్చారు. పంపేశాను అన్నారు. నేనింకేం అడగలేదు."

అక్క లేచి చెయ్యి కడుక్కుంది. మెట్లెక్కి తన గదికి వెళ్ళిపోయింది. భార్యాభర్తలిద్దరూ కంచాల ముందు అలాగే ఉండిపోయారు. అనవసరంగా అన్నానేమో అని ఆమె, ఆవిణ్ణి ఈ వయసులో ఏడిపించానని అతను.

కాసేపటికి పైనుంచి ఫోను మాటలు వినిపించాయి.

"రేపు పెట్టె తెరవండి. గీతలుంటే ఉన్నాయి, లేకపోతే లేవు... అవును, ఒకటి ఖాళీ. ఏదో మాకు తెలియదు. వద్దు, మిగతావి విప్పి వెతకొద్దు... పెట్టెల పక్కన పెట్టే అట్ట ముక్క మీద ఇలా రాయండి. ఆలోచన అక్కది, చెయ్యి తమ్ముడిది. ఇద్దరి పేర్లూ వెయ్యండి. కింద ఇంకో వాక్యం రాయండి. 'ఒక పెట్టెలో గీతల్లేవు, ఆ వారం పాపకి జ్వరం.' కాదమ్మా, తమాషా కాదు. నేను చెప్పినట్టే రాయండి."

వడ్రంగి ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వెళ్ళాడు. అక్క మంచం అంచున కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి. అతను కింద నేల మీద, ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసింది.

"ఒరేయ్, పాపకి జ్వరం ఎప్పుడు తగ్గిందిరా?"

"మూడో రోజుకి, అక్కా" అని అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.